లేబులు మీది పువ్వు

నెమ్మదిగా నడపడం కూడా తప్పేనని నాకు ఆ ఎండాకాలం దాకా తెలీదు. ఎవరైనా చెప్పినా నమ్మేదాన్ని కాదు. పధ్నాలుగేళ్ళు కేకులు మోసిన కారు నాది. వెనక హారన్లు కొట్టేవాళ్ళు కొడతారు, పక్కనించి పోతూ తిట్టేవాళ్ళు తిడతారు, నేను మాత్రం ఇరవై దాటను. మూడంతస్తుల కేకు లోపలుంటే దేవుడే దిగొచ్చి తొందరపెట్టినా దాటను.

కేకుల పని మా ఇంట్లో ఇద్దరి మీద నడిచేది. పిండీ, ఓవెనూ, కారూ నావి. క్రీమూ పువ్వులూ వదినవి. వదినంటే మా ఆయనకి అక్క. పెళ్ళి చేసుకోలేదు, మాతోనే ఉంటుంది. నిజం చెప్పాలంటే మేమే ఆవిడతో ఉంటాం. ఇల్లు ఆవిడది, ఓవెను ఆవిడది, నాకు పని నేర్పిందీ ఆవిడే. కుడిచేత్తో క్రీము నింపిన పైపింగ్ బ్యాగు పట్టుకుని అలా నొక్కి ఇలా తిప్పిందంటే గులాబీ లేచి కూర్చునేది. ఇన్నేళ్ళు పక్కనే నిలబడి చూశానా, నా గులాబీ ఇప్పటికీ క్యాబేజీలాగే ఉంటుంది.

మా వంటింట్లో ఇంకో పద్ధతి ఉండేది. నేను వచ్చిన కొత్తలో ఒకసారి ఒకే పిండిలో ఇద్దరం చక్కెర వేశాం. ఆ కేకు తిన్నవాళ్ళు మర్నాడు మొహాలు వేలాడేసుకుని వచ్చారు. అప్పట్నించి ప్రతి డబ్బాకీ, ప్రతి గిన్నెకీ తెల్ల టేపు లేబులు ఉండాల్సిందే. నేను తేదీ వేసి రాస్తాను, వదిన చదివి సరిచూసి మూలన ఐదు రేకల పువ్వొకటి గీస్తుంది. గీసి, "ఇప్పుడతికించు" అంటుంది. పువ్వు లేని లేబులు మా ఇంట్లో దేనికీ అతికించేవాళ్ళం కాదు. కరెంటు స్విచ్చులకి కూడా ఉండేవి, మా ఆయన నవ్వేవాడు.

ఆ రోజు కింది రెండంతస్తులూ వెనకసీట్లో డబ్బాల్లో ఉన్నాయి. పై అంతస్తు వదిన ఒళ్ళో ఉంది. అది ఎప్పుడూ ఒళ్ళోనే. పువ్వులన్నీ దానిమీదే ఉంటాయి, సీటు మీద పెడితే కుదుపుకి రాలిపోతాయి. ఒళ్ళో అంత డబ్బా ఉన్నప్పుడు సీటు బెల్టు పట్టదు. బెల్టు పెట్టకపోతే కారు కీచుకీచుమని ప్రాణం తీస్తుంది. దానికి మా దగ్గరొక మందుండేది. బెల్టు చివర ఇనప బిళ్ళ ఉంటుంది కదా, అలాంటిది విడిగా ఒకటి. దాన్ని సీటు పక్కనున్న గూట్లో దూరిస్తే కారు మనం బెల్టు పెట్టుకున్నామనుకుని నోరు మూసుకుంటుంది. దాన్ని మేం మూగబిళ్ళ అనేవాళ్ళం. ఎవరు తెచ్చారో ఎప్పుడు తెచ్చారో ఎవరికీ గుర్తులేదు.

ఎండ మాడ్చేస్తోంది. ఏసీ ఎంత పెంచినా క్రీముకి చెమటలు పడుతున్నాయి. వదిన త్వరగా పోనిమ్మంటుంది, కరిగిపోతుందని. నేను పోనిస్తే పడిపోతుందంటాను. రోజూ ఉండే గోలే. నాలుగురోడ్ల దగ్గర పచ్చ లైటుండగానే లోపలికి వెళ్ళాను, ఈ ముక్క మాత్రం ఎవరి ముందైనా చెబుతాను. సగంలో ఉండగా పసుపు పడింది. బ్రేకు వేస్తే కేకు పోతుంది. తొక్కితే కేకు పోతుంది. అందుకని ఎలా పోతున్నదాన్ని అలాగే పోయాను. అవతలికి చేరకముందే వదిన వైపు తలుపు లోపలికి వచ్చేసింది.

ఎవరైనా పడిపోతుంటే చేతులు అడ్డం పెట్టుకుంటారు. ఈవిడ రెండు చేతులతో డబ్బాని కావలించుకుంది. మనిషి విసురుగా వెళ్ళి తలుపుకి కొట్టుకుంది, డబ్బా చుట్టూ అవతలికి చాచిన కుడి మణికట్టు తలుపుకీ డబ్బాకీ మధ్య నలిగిపోయింది. ఆవిడ కళ్ళు తెరిచి మొదట అడిగింది పువ్వుల గురించి. బాగానే ఉన్నాయని చెప్పాను. నా మొహమంతా క్రీముతో ఉండి అలా చెప్పాను.

మమ్మల్ని గుద్దింది ఒక పళ్ళ డాక్టరు. అవతలి రోడ్డులో నిలబడున్నాడట, తన లైటు పచ్చగా మారగానే ఒక్కసారిగా తొక్కాడట. ముందు ఏముందో చూడలేదు, ఫోను చూస్తున్నానని పాపం ఆయనే ఒప్పుకున్నాడు. మూడోరోజు ఆస్పత్రికి వచ్చాడు, ఒక సంచీ నిండా పళ్ళు పట్టుకుని. మామూలప్పుడైతే పళ్ళ డాక్టరు పళ్ళు తెచ్చాడని వదిన గంటసేపు నవ్వేది. ఆరోజు సంచీ వంక చూసి కళ్ళు మూసుకుంది.

ఎముకకి ప్లేటు వేశారు. కానీ వేళ్ళని లాగే నరాలు తెగాయని, వానలు మొదలయ్యేలోపు రెండో ఆపరేషను జరగాలని ఎముకల డాక్టరు చెప్పాడు. ఆలస్యమైతే వేళ్ళు ఎలా ఉన్నవి అలాగే బిగుసుకుపోతాయట. ఖర్చు చెప్పగానే మా ఆయన గోడకి ఆనుకున్నాడు. ఉన్నదంతా మొదటి ఆపరేషనుకే ఊడ్చేశాం. నష్టపరిహారం పూర్తిగా వస్తే రెండోదానికి సరిగ్గా సరిపోతుంది, ఏమాత్రం తగ్గినా సరిపోదు.

పై వారం రెండు ఇన్సూరెన్సు కంపెనీల తరఫునా ఒకాయన ఇంటికొచ్చాడు. చెవి మీద పెన్సిలు పెట్టుకుని వచ్చాడు, అందుకని మేం పెన్సిలాయన అనుకునేవాళ్ళం. మా వంటింటి బల్ల మీదే కాయితం పరిచి నాలుగురోడ్లూ గీశాడు. రెండు చిన్న కార్లు గీశాడు. చక్కగా గీశాడు, అది చెప్పుకోవాలి. నేనెంత వేగంతో వెళ్ళానని అడిగాడు. ఛాతీ విరుచుకుని చెప్పాను, పదో పన్నెండో అని.

"అంత నెమ్మదిగానా?"

"కేకుంది కదండీ."

"అంటే లైటు మారేలోపు దాటలేరని మీకు ముందే తెలుసు."

ఆయన మర్యాదగానే అడిగాడు, తప్పుపట్టినట్టు కూడా లేదు. కానీ ఆ మాట కాయితం మీద రాసుకుంటుంటే, పధ్నాలుగేళ్ళ నా జాగ్రత్త అంతా నా కళ్ళముందే ఇంకేదో అయిపోయింది. తరవాత బెల్టు గురించి అడిగాడు. అడిగి, సంచీలోంచి ఒక ఫొటో తీసి బల్లమీద పెట్టాడు. గూట్లో దూరి ఉన్న మూగబిళ్ళ. మర్చిపోయి బెల్టు పెట్టుకోకపోవడం వేరట, పెట్టుకోకుండా ఉండటానికి ఏర్పాటు చేసుకోవడం వేరట. ఆ ఏర్పాటు ఎవరు చేశారన్నాడు. ముగ్గురం తేలు కుట్టిన దొంగల్లా కూర్చున్నాం. మా ఆయనైతే ఎవరూ అడక్కుండానే, తనకి కారు నడపడమే రాదని చెప్పుకున్నాడు.

ఆయన గుమ్మం దాటాడో లేదో వదిన అంది, "బెల్టు వద్దని నువ్వేగా చెప్పింది."

"నేనెప్పుడు చెప్పాను? నువ్వే తీసి అవతల పారేస్తావు, పువ్వులు నలుగుతాయని."

అంతే. గట్టిగా ఎవరం మాట్లాడలేదు. కానీ ఆ రెండు మాటలూ ఆ రోజు నించి మా ఇంట్లో కాపురం పెట్టాయి. నాకు ఒళ్ళు మండిపోయేది. నేను చెప్పలేదన్నది నాకు రూఢి. రాత్రి పడుకుంటే ఆ రూఢి కాస్తా మెత్తబడేది. చెప్పానేమో. ఆ రోజు కాకపోయినా ఎప్పుడో మొదటిసారి ఎవరో ఒకరు చెప్పే ఉండాలి కదా, ఆ ఎవరో నేనేనేమో. పొద్దున్న లేచి వదిన మొహం చూస్తే మళ్ళీ కోపమొచ్చేది.

నెలకి ఉత్తరం వచ్చింది. మా ఆయన నిలబడే చదివాడు. పళ్ళ డాక్టరు తప్పు యాభై శాతం. నా తప్పు ఇరవై అయిదు. బెల్టు పెట్టుకోనందుకు వదిన తప్పు ఇరవై అయిదు. కాబట్టి వదినకి రావాల్సినదాంట్లో నాలుగోవంతు కోసేస్తారు, నా కారు బాగుచెయ్యడానికి వచ్చేదాంట్లో కూడా నాలుగోవంతు కోసేస్తారు. ముప్ఫై రోజుల్లోపు కొత్త సాక్ష్యమేదైనా ఉంటే తెచ్చి చూపించుకోవచ్చు.

తప్పుని అలా ముక్కలు కోస్తారని నాకు తెలీదు. కేకు కొయ్యడం నాకొచ్చు, ఎన్ని ముక్కలైనా కోస్తాను. కానీ ఇదెలా కోశారు? నేను పదికి బదులు ఇరవైలో వెళ్ళుంటే నా ముక్క చిన్నదయ్యేదా? ఆ వేగంలో గుద్దుకుంటే ఇంకా పెద్దదయ్యేదా? మా ఆయన్ని అడిగితే తిలా పాపం తలా పిడికెడు అన్నాడు. ఆయనకి మాత్రం ఒక్క గింజ కూడా రాలేదు. ఆ సంగతి నేనంటే మొహం మాడ్చుకున్నాడు. అక్కకీ పెళ్ళానికీ మధ్య అడకత్తెరలో పోకచెక్క అయిపోయాడు మనిషి, ఇప్పుడు తలుచుకుంటే జాలేస్తుంది.

ఆ పెన్సిలాయనకి ఫోను చేశాను. నాలుగోవంతు పోతే ఆపరేషను ఉండదని చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నాడు. ఆపరేషనుకి ఎంతవుతుందన్నది లెక్కలోకి రాదని, ఎవరి తప్పు ఎంతన్నదే వస్తుందని చెప్పాడు. బెల్టు పెట్టుకోకపోవడం ఆవిడ సొంత నిర్ణయం కాకుండా, నడిపేవాళ్ళు చేసిన ఏర్పాటని తేలితే ఆవిడ వాటాలో చాలామటుకు నడిపేవాళ్ళ మీదకి వస్తుందన్నాడు. నడిపేవాళ్ళంటే నేను.

ఈ మాట ఇంట్లో చెప్పాను. మా ఆయన నావంక చూసి వెంటనే తల దించుకున్నాడు. వదిన కుడిచెయ్యి దిండు మీద పెట్టుకుని కూర్చుంది. వేళ్ళు కొంచెం వంగి, కొంచెం వాచి, ఎవరివో అన్నట్టున్నాయి. "ఎవరూ ఏమీ ఒప్పుకోనక్కర్లేదు. చెయ్యి లేనివాళ్ళు బతకడంలేదా?" అంది. అలా అనడం నాకు ఇంకా మండింది. ఒప్పుకోమని అడిగినా బాగుండేది, దెబ్బలాడేదాన్ని.

అప్పట్నించి మేమిద్దరం కొలతలు తప్ప మాట్లాడుకోలేదు. ఆర్డర్లు సగం పోయాయి. పువ్వుల్లేని చిన్న కేకులు చేసేదాన్ని, కొన్నవాళ్ళే వచ్చి పట్టుకెళ్ళేవాళ్ళు. లేబుళ్ళు రాసి బల్లమీద పెడితే వదిన చదివేది. పువ్వు గీసేది కాదు, గియ్యలేదు. ఎడంచేత్తో ఒకసారి గీసి, చూసుకుని, కొట్టేసింది. నేను ఆ లేబుళ్ళు అతికించకుండా డబ్బాల మీద ఊరికే ఆనించి పెట్టేదాన్ని.

ముప్ఫై రోజుల్లో ఇరవై గడిచాక మెకానిక్ కబురు చేశాడు, కారులో ఉన్న సామాను పట్టుకెళ్ళమని. షెడ్డులో ఒక మూల పెట్టాడు దాన్ని. వదిన వైపు తలుపు లేదు. సీటు మీద ఎండిపోయిన క్రీము ఇంకా పెచ్చులుగా ఉంది. నేను నా సీట్లో కూర్చుని స్టీరింగు పట్టుకుని, ఆ రోజు ఏమన్నానో గుర్తుచేసుకుందామని చూశాను. ఏమీ రాలేదు. బయటెవడో రేకు మీద సుత్తితో కొడుతున్నాడు, అదే వినబడింది. విసుగొచ్చి గూట్లోంచి మూగబిళ్ళ పీకాను.

దాని కింది వైపు తెల్ల టేపు చుట్టి ఉంది. కూర్చునేవాళ్ళకి కనబడదు, ఫొటోలో కూడా పడలేదు. మురికిపట్టింది కానీ చదవడానికి వస్తోంది. తొమ్మిదేళ్ళ కిందటి తేదీ. "డెలివరీ రోజు బెల్టు వద్దు. ఇది పెట్టాలి." నా రాత. నా రాత ఎక్కడున్నా తెలిసిపోతుంది, అక్షరాలు కోళ్ళు గీకినట్టుంటాయి.

మూలన ఐదు రేకల పువ్వు.

ఎప్పుడు రాశానో నాకు గుర్తులేదు, ఈ రోజుకీ గుర్తులేదు. అది ఎవరి ఆలోచనో ఆ లేబులు చెప్పదు. నేనంటే ఆవిడ సరేనందా, ఆవిడంటే నేను రాసిపెట్టానా? ఇన్నాళ్ళూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోకుండా దెబ్బలాడుకున్నది దీనిగురించా? ఇద్దరి మాటా నిజమేనా, ఇద్దరిదీ అబద్ధమేనా? నాకు ఏడుపొచ్చింది. మెకానిక్కి కనబడకుండా ఏడ్చాను.

ఇంటికొచ్చి బల్ల ముందు కూర్చున్నాను. వదిన పక్కగదిలో నిద్రపోతోంది. టేపు కోసే కత్తెర తీసుకుని, పువ్వున్న మూల వరకే నీటుగా కోసేశాను. గోరంత ముక్క. వదిన క్రీము నాజిళ్ళు పెట్టే డబ్బాలో అడుగున వేశాను.

ఎందుకు కోశానో నాకిప్పటికీ సరిగ్గా తెలీదు. ఆవిడ మీద ప్రేమతో అనుకుంటే బాగుంటుంది. ఆవిడ చేతి కోసం అన్నది మాత్రం నిజం. కానీ చెయ్యి లేనివాళ్ళు బతకడంలేదా అన్న మనిషి మీద నెగ్గాలని కూడా ఉందేమో. మంచిపని చేస్తున్నానో దొంగపని చేస్తున్నానో ఆ కత్తెర పట్టుకున్నప్పుడు నాకు తెలీలేదు.

మర్నాడు పెన్సిలాయన ఆఫీసుకి వెళ్ళాను. వరసగా కుర్చీలు, ప్రతి కుర్చీలోనూ తమ తప్పేమీ లేదని చెప్పుకోవడానికి వచ్చినవాళ్ళు. నా వంతొచ్చాక బిళ్ళ తీసి బల్లమీద పెట్టాను. ఆయన అద్దాలు సర్దుకుని చదివాడు.

"ఇది మీ రాతేనా?"

"నాదే. నేనే పెట్టాను, నేనే బెల్టు వద్దన్నాను. ఆవిడ కూర్చోమన్నట్టు కూర్చుంది."

ఇది రాసుకుంటే నా కారుకొచ్చేది ఇంకా తగ్గిపోతుందని, దాంతో కారు బాగవదని ఆయన చెప్పాడు. తెలుసన్నాను. ఆయన టేపు అంచు మీద బొటనవేలు పెట్టి రుద్దాడు. మిగతా మూడు మూలలూ నల్లగా ఉన్నాయి, ఆ అంచొక్కటే తెల్లగా మెరుస్తోంది.

"ఇక్కడ కోసినట్టుందే."

"మా ఇంట్లో టేపు చింపమండీ. కత్తెరతోనే కోస్తాం."

ఆయన నావంక చూశాడు. తరవాత చెవి మీద పెన్సిలు తీసుకుని రాసుకున్నాడు.

రెండో ఉత్తరం వచ్చేసరికి ముప్ఫై రోజులూ దాటాయి. పళ్ళ డాక్టరు యాభై, నేను నలభై, వదిన పది. ఎంత చెప్పినా కూర్చున్నది ఆవిడే కాబట్టి ఆ పదీ ఆవిడకి తప్పదట. పళ్ళ డాక్టరు యాభై మాత్రం మొదట్నించి చివరిదాకా అంగుళం కదల్లేదు. ఆయన ఫోను చూస్తుండగా నేను మధ్యలో ఉన్నాను, అది నూటికి యాభైయే ఎందుకయిందో నన్నడిగితే చెప్పలేను. తక్కువపడిన పది శాతం ఎక్కణ్ణించి వచ్చిందంటే, కారు తుక్కుకి అమ్మేశాం. ఇనుము కొనేవాడు దాన్ని లాక్కెళుతుంటే మా ఆయన గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపాడు, నడపడం రాని మనిషి.

ఆపరేషను అయింది. మొదటి వాన పడ్డ రోజు కట్టు విప్పారు. ఆ వారమే ఇన్సూరెన్సు ఆఫీసు నించి లావుపాటి కవరొచ్చింది, మా కాయితాలూ బిళ్ళా తిరిగి పంపించారు. నేను పిండి కలుపుతున్నాను. వదిన బల్ల దగ్గర కూర్చుని, డాక్టరు చెప్పినట్టు మెత్తటి బంతి నొక్కుతూ, ఎడంచేత్తో ఒక్కొక్క కాయితమే తీసి చదువుతోంది. ఏం సాక్ష్యం ఇచ్చానో నేను ఇంట్లో చెప్పలేదు. మాట్లాడాను, ఒప్పుకున్నారు అని మాత్రమే చెప్పాను. బంతి నొక్కుతున్న చప్పుడు ఆగింది.

"నా పువ్వేదే?" అంది.

నేను వెనక్కి తిరగలేదు. బిళ్ళ ఆవిడ చేతిలో ఉందని తెలుస్తూనే ఉంది.

"ఊడిపోయుంటుంది వదినా. తొమ్మిదేళ్ళయింది."

"నా పువ్వు లేకుండా ఈ ఇంట్లో దేనికైనా లేబులు అతికిందా?"

ఇంక చేతులు కడుక్కుని వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను. కోశానని చెప్పాను. ముక్క ఎక్కడుందో కూడా చెప్పాను. తిడుతుందనుకున్నాను, ఏడుస్తుందేమో అని కూడా అనుకున్నాను. ఆవిడ రెండూ చెయ్యలేదు. అది ఎవరి ఆలోచనో నీకు గుర్తుందా అని అడిగితే, గుర్తులేదన్నాను. "నాకూ లేదే," అంది.

తరవాత ఆ రెండో ఉత్తరం తన ముందుకి లాక్కుంది. పెన్ను కుడిచేతి వేళ్ళమధ్య పెట్టమంది, పెట్టాను. వేళ్ళు ముప్పాతిక వరకే మూసుకుంటున్నాయి. నా పేరు ఎదురుగా నలభై అని ఉన్నచోట, ఆ అంకె పక్కనే, పళ్ళు బిగించి గీయడం మొదలుపెట్టింది. మూడు రేకలు వచ్చాయి. నాలుగోది గీత దాటి కాయితం అంచుదాకా పోయింది. అయిదోది చుక్కలా పడింది. క్యాబేజీ కంటే అధ్వాన్నంగా ఉంది.

వదిన దాన్ని కాస్త దూరంగా పట్టుకుని చూసుకుంది. చూసుకుని నా చేతికిచ్చింది.

"ఇప్పుడతికించు," అంది.